క్షమాపణల విభాగం

"ఈ రోజు నుంచి మన పత్రికకి రెండే కళ్ళు! ఒకటి పరువు, రెండోది పాఠకులు! ఏ కంట్లో నలక పడినా నేను సహించను!"

పత్రిక యజమాని ఈ మహా ప్రకటన చేసింది ఏ బహిరంగ సభలోనో కాదు. ఆఫీసు హాల్లో, గోడకి కొత్తగా బిగించిన పెద్ద టీవీ పక్కన, స్టూలెక్కి. స్టూలు ఊగింది కానీ ఆయన గొంతు ఊగలేదు. సిబ్బందంతా చప్పట్లు కొట్టారు. ఎందుకు కొడుతున్నారో అప్పటికి ఎవరికీ తెలియదు. యజమాని స్టూలెక్కితే చప్పట్లు కొట్టాలన్నది ఆ ఆఫీసులో ఎవరూ రాసిపెట్టని నిబంధన.

అందరికంటే గట్టిగా కొట్టినవాడు ఎడిటర్. ఈయన్ని ఆఫీసులో చాటుగా "విలువలాయన" అంటారు. మాటకు ముందొక "విలువలు", వెనకొక "విలువలు" తగిలించకపోతే ఆయనకు గొంతు పెగలదు. క్యాంటీన్ టీ పలచబడితే "టీలో విలువలు పడిపోతున్నాయి" అంటాడు. లిఫ్టు చెడిపోతే "విలువలు మెట్లదారి పట్టాయి" అంటాడు. పైకి ఎంత విలువల మనిషైనా, లోపల ఆయన ప్రాణమంతా తన గదిలోని తిరుగుడు కుర్చీ మీదే ఉంటుంది. ఆ కుర్చీ వల్లే పెళ్ళిళ్ళలో ముందు వరసలో చోటు. ఆ కుర్చీ వల్లే బ్యాంకు మేనేజరు లేచి నిలబడతాడు, మామగారు ఆయన మాటకు అడ్డు చెప్పరు. అది లేకపోతే తానెవరో ఆయనకే సరిగ్గా తెలియదు.

సంగతేమిటంటే, యజమానికి మనవరాలి ఫోనులో ఒక గేమ్ దొరికింది. అందులో మనమే ఒక పత్రిక నడపాలి. ఏ వార్త వెయ్యాలి, ఏది చించెయ్యాలి అన్నది మనమే తేల్చుకోవాలి. వేసిన ప్రతి వార్తకీ తెర మీద రెండు గీతలు పెరుగుతాయి, తరుగుతాయి. ఎర్ర గీత పాఠకులు, నీలం గీత పరువు. రెండింట్లో ఏది అడుగంటినా పత్రిక మూతపడుతుంది. అప్పుడు ఒక చిన్న బొమ్మ ఎడిటరు అట్టపెట్టె చంకన పెట్టుకుని బయటికి వస్తాడు, వాడి ఒక్కడి మీదే వాన కురుస్తుంది.

"సలహాదార్లకి బోలెడంత పోశాను. ఒక్కడూ ఇంత వివరంగా చెప్పలేదు" అన్నాడు యజమాని స్టూలు మీంచి. "ముందు ఈ టీవీలో గేమ్ ఆడండి. అందులో గెలిచిన పద్ధతే మన పత్రికలో అమలు! ఈ నెలాఖరుకి రెండు గీతలూ ఎవరు నిలబెడితే వాళ్ళే ఎడిటరు!"

"ఎవరైనా ఆడొచ్చా మావయ్యా?" అన్నాడు యజమాని మేనల్లుడు. ఇతగాడు సర్క్యులేషన్ మేనేజరు. పత్రిక ఎన్ని కాపీలు పోతున్నదీ చూస్తాడు తప్ప లోపల ఏముందో ఎన్నడూ చూసిన పాపాన పోలేదు.

"ఎవరైనా!"

మేనల్లుడు ఆ రోజే ఎడిటర్ గదిలోకి వచ్చి, కుర్చీని ఒకసారి గుండ్రంగా తిప్పి చూశాడు. "కొంచెం కిర్రుమంటోంది గురువుగారూ. నూనె వెయ్యాలి" అన్నాడు. విలువలాయన గుండెల్లో రాయి పడింది.

మర్నాడు ఆట మొదలైంది. ముందు విలువలాయన ఆడాడు. మొదటి పేజీలో "గ్రంథాలయాల్లో నిశ్శబ్దం ఆవశ్యకత" అచ్చేశాడు. రెండో రోజు దానికి కొనసాగింపు. మూడో రోజు దాని మీద సంపాదకీయం. నీలం గీత తెర పైకప్పుకి తగిలింది. ఎర్ర గీత నేలకి జారిపోయింది. చివరికి ఒకే ఒక్క పాఠకుడు మిగిలాడు. గేమ్ వాడు వాడి బొమ్మ కూడా చూపించాడు. వాడూ నిద్రపోతున్నాడు. వెంటనే అట్టపెట్టె, వాన!

తర్వాత మేనల్లుడు ఆడాడు. "మేయరు పదవికి మాట్లాడే గాడిద పోటీ" అని అచ్చేశాడు. జనం విరగబడ్డారు. "గాడిద ప్రసంగం పూర్తి పాఠం" వేశాడు. ఎర్ర గీత తెర దాటి బయటికి వస్తుందేమో అనిపించింది. ఆ తర్వాత గాడిదకి రహస్య వివాహం అయిందన్నాడు. నీలం గీత కుప్పకూలింది, బొమ్మ ఆఫీసు మీద టమాటాలు పడ్డాయి. మళ్ళీ అట్టపెట్టె, మళ్ళీ వాన!

ఇలా వారమంతా బొమ్మ ఎడిటర్లు తడిసి ముద్దవుతూనే ఉన్నారు. యజమాని ముఖం రోజురోజుకీ మాడిపోతోంది. నెలాఖరు దగ్గరికొస్తోంది. విలువలాయనకు అన్నం సహించడం మానేసింది.

ఆ సమయంలో జరిగింది ఆ మహత్తర పొరపాటు. తెర మీద "కళ్ళు మూసుకుని ఆపరేషన్ చేసిన డాక్టరు" అని ఒక పచ్చి అబద్ధపు వార్త వచ్చింది. విలువలాయన "చించెయ్యి" అన్న బొత్తాం నొక్కబోయి, చెమటకు వేలు జారి "అచ్చెయ్యి" నొక్కేశాడు. ఎర్ర గీత ఎగిరి గంతేసింది. నీలం గీత జారడం మొదలెట్టింది. ఆయన కంగారుగా కనిపించిన బొత్తాములన్నీ నొక్కేశాడు. వాటిలో మూలనున్న ఒకదాని మీద "క్షమాపణ" అని ఉంది. జారుతున్న నీలం గీత ఆగింది. ఆగి, వెనక్కి తిరిగి, మొదట ఉన్నచోటు కంటే జానెడు పైకి వెళ్ళి నిలబడింది! ఎర్ర గీత మాత్రం దిగలేదు.

ఇంకోసారి చేసి చూశారు. అబద్ధం, క్షమాపణ. రెండు గీతలూ పైకి! మళ్ళీ అబద్ధం, మళ్ళీ క్షమాపణ. మళ్ళీ పైకి!

"ఇదేనయ్యా! విలువలంటే ఇవే!" అని యజమాని ఆయన్ని గట్టిగా వాటేసుకున్నాడు.

విలువలాయన నీళ్ళు నమిలాడు. "అంటే అండీ... తెలిసి తెలిసి మనం అబద్ధం..."

"అబద్ధం ఎవడు రాయమన్నాడు? పొరపాటు చెయ్యమంటున్నా! నిన్న చేసిన పొరపాటుని ఇవ్వాళ నలుగురిలో ఒప్పుకునే పత్రిక కంటే నిజాయితీ గలది ఈ లోకంలో ఉంటుందా, చెప్పు?"

విలువలాయన ఆలోచించాడు. గాజు తలుపు అవతల మేనల్లుడు చిన్న నూనె డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. అది చూశాక ఆయన ఆలోచన తొందరగా పూర్తయింది. "నిజమేనండీ. తప్పు ఒప్పుకోవడంలో గొప్ప విలువ ఉంది. ఒప్పుకోవాలంటే ముందు తప్పంటూ ఒకటి ఉండాలి కదా!" అన్నాడు.

మొదటి పొరపాటు ఊళ్ళో పేరున్న పళ్ళ డాక్టరు మీద చేశారు. "పళ్ళ డాక్టరువి కట్టుడు పళ్ళే!" అని మొదటి పేజీలో వేశారు. ఊరంతా ముక్కున వేలేసుకుంది. పత్రిక కాపీలు చాలక జనం ఒకరి చేతిలోది ఒకరు లాక్కుని చదివారు. మర్నాడు అదే చోట క్షమాపణ వచ్చింది. విలువలాయనే స్వయంగా రాశాడు. "మా పొరపాటుకు సిగ్గుతో తల వంచుతున్నాం. డాక్టరుగారి పళ్ళు ముప్పై రెండూ సొంతవే. మేమే వెళ్ళి కదిపి చూశాం. ఒక్కటీ కదల్లేదు. అలాంటి పళ్ళున్న మనిషి మన ఊళ్ళో ఉండటం మనందరి అదృష్టం" అని. తప్పొప్పుకున్న పత్రిక అని జనం కళ్ళు తుడుచుకున్నారు. పళ్ళ డాక్టరు ముందు కోర్టుకెక్కుతానని ఒంటికాలి మీద లేచాడు. సాయంత్రానికి ఆస్పత్రి ముందు వీధి మలుపు దాకా జనం నిలబడేసరికి, పూలగుత్తి పట్టుకుని పత్రిక ఆఫీసుకి వచ్చాడు.

ఇంక చూడాలి! పొరపాట్లు చేయించుకోవడానికి జనం ఆఫీసు మెట్ల మీద బారులు తీరారు. టైలరు వచ్చి, తను గుడ్డ మిగుల్చుకుంటానని రాయమన్నాడు. మహిళా క్లబ్బు అధ్యక్షురాలు వచ్చి గొంతు తగ్గించి, "నాకు అరవై అని వెయ్యండి. క్షమాపణలో నలభై అనండి చాలు" అంది.

"అమ్మా, మరి అసలు వయసు..."

"దానితో మీకేం పనండీ?"

రిటైరైన జడ్జిగారు కర్ర పొడుచుకుంటూ వచ్చి ఎగిరిపడ్డారు. "ఏమయ్యా, ఊళ్ళో అడ్డమైనవాళ్ళ మీదా రాస్తున్నారు. నా మీద ఇంతవరకూ ఒక్క అబద్ధమైనా వేశారా? నాకు పరువు అక్కర్లేదనుకున్నారా?"

ఆఫీసు రూపం మారిపోయింది. కుడివైపు పొరపాట్ల విభాగం. ఎడమవైపు క్షమాపణల విభాగం, దానికి ఏసీ కూడా పెట్టారు. మామూలు వార్తలకి మంచినీళ్ళ కూలర్ పక్కన ఒక కుర్చీ మిగిలింది. అందులో మున్సిపాలిటీ వార్తలు చూసే రిపోర్టరమ్మ కూర్చునేది. నెలాఖరు వచ్చింది, వెళ్ళింది. విలువలాయన కుర్చీలోనే ఉన్నాడు. ఒక కాలేజీవాళ్ళు పిలిచి "నిజాయితీతో నా ప్రయాణం" మీద ఉపన్యాసం కూడా చెప్పించుకున్నారు.

ఒక రోజు రిపోర్టరమ్మ ఆయన గదిలోకి వచ్చింది. "సార్, మీ వీధి చివర కొత్త నీళ్ళ ట్యాంకు ఉంది చూశారూ, దాని స్తంభం పగిలింది. ఏ క్షణమైనా కూలొచ్చట."

"భేష్! ఆ ట్యాంకు కాంట్రాక్టరు తన మీద ఒక పొరపాటు చెయ్యమని ఎన్నాళ్ళనుంచో వెంటపడుతున్నాడు. రాసెయ్యమ్మా."

"పొరపాటు కాదు సార్. నిజం."

విలువలాయన తల గోక్కున్నాడు. నిజమైతే ఏ విభాగానికి పంపాలో ఆయనకి వెంటనే తోచలేదు. "నిజమంటే... మరీ నిజమా?" అన్నాడు.

"వెళ్ళి చూడండి సార్. మీ ఇంటికి పది ఇళ్ళ అవతలేగా!"

వెళ్ళి చూశాడు. స్తంభం మొదట్లో బీట ఉంది. చెయ్యి పెడితే మణికట్టు దాకా లోపలికి పోయింది. లోపల తడిగా, చల్లగా తగిలింది. పైన కొండంత ట్యాంకు, నిండా నీళ్ళు. కింద వీధి పిల్లలు బంతాడుకుంటున్నారు. వాళ్ళలో ఆయన రెండోవాడూ ఉన్నాడు. విలువలాయనకి నిజంగా భయం వేసింది. పిల్లాడిని రెక్క పుచ్చుకుని ఇంటికి లాక్కొచ్చి, తిన్నగా ఆఫీసుకి పోయి, ఎవరినీ అడక్కుండా, గేమ్ కూడా ఆడకుండా వార్త రాశాడు. "ఈ ట్యాంకు కూలబోతోంది! వీధి ఖాళీ చెయ్యండి!" అని శీర్షిక పెట్టి, చాలదనిపించి దాని కింద "ఇది నిజం" అని కూడా వేశాడు.

ఊరు ఊరంతా పడీ పడీ నవ్వింది. ఎదురింటి లాయరు గేటు దగ్గరే ఆపి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "ఇన్నాళ్ళూ వేసినవన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తండీ! 'ఇది నిజం' అని పెట్టాలని ఎలా తట్టిందండీ మీకు?"

"లాయరుగారూ, అది నిజంగా నిజమేనండీ!"

"అబ్బబ్బ! ఆ ముఖం చూడండి, ఎంత సీరియస్ గా పెట్టారో!"

మున్సిపల్ ఆఫీసుకి ఫోన్ చేస్తే, "చూశామండీ. రేపు మీ క్షమాపణ కూడా చూసుకుని తగు చర్య తీసుకుంటాం" అన్నారు. ట్యాంకు కాంట్రాక్టరు పళ్ళబుట్టతో దిగాడు. "ఇంత గొప్పగా చేస్తారనుకోలేదండీ! రేపు క్షమాపణలో 'వజ్రం లాంటి ట్యాంకు' అన్న మాట ఒక్కటి పడేలా చూడండి. పక్క ఊరి ట్యాంకు కూడా నాకే వచ్చేట్టుంది" అన్నాడు. వెనకాలే యజమాని వచ్చాడు.

"క్షమాపణ రాశావా?"

"అది అబద్ధం కాదండీ, క్షమాపణ చెప్పడానికి! నా చెయ్యి పెట్టి చూశాను. పిల్లలు ఆడుకుంటున్నారక్కడ!"

"ఏమయ్యా, అబద్ధమో నిజమో గేమ్ కి తెలుస్తుందా? వార్త పడింది. క్షమాపణ పడకపోతే నీలం గీత పోతుంది. ఇంత బతుకూ బతికి, ఇప్పుడు నిజం రాశామన్న చెడ్డపేరు తెచ్చుకుందామా?"

విలువలాయన "కానీ..." అన్నాడు. మేనల్లుడు అప్పటికే ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "మావయ్యా, గురువుగారికి చెయ్యి ఆడకపోతే నేను రాస్తాలే. నాకు ట్యాంకులంటే మొదట్నుంచీ గౌరవం" అన్నాడు. కుర్చీ కిర్రుమనలేదు. నూనె వేసేశాడు కాబోలు! విలువలాయన కలం తీశాడు. "వజ్రం లాంటి ట్యాంకు" అన్న మాట రెండుసార్లు పడేలా, ఏడుపు ఒక్కటే తక్కువగా, ఆ క్షమాపణ రాసిచ్చాడు. బాగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు.

ఇంటికి వచ్చి భార్యకి సంగతంతా చెప్పాడు. ఆవిడ కూరగాయలు తరగడం ఆపింది.

"ముందు నాకిది చెప్పండి. ఇవ్వాళ వేసింది నిజమా, రేపు వెయ్యబోయేది నిజమా?"

"ఇవ్వాళ్టిదే."

"అయితే తెల్లారేసరికి పిల్లల్నీ సామాన్లనీ వేసుకుని మా అక్కయ్య ఇంటికి పోదాం పదండి. ఎదురింటివాళ్ళకీ, పక్కింటివాళ్ళకీ చెప్పారా?"

"చెప్పాను. నవ్వారు. మళ్ళీ గట్టిగా చెబితే, రేపు పత్రికలో పడేదానికి విరుద్ధంగా మాట్లాడినట్టవుతుంది. కుర్చీ పోతుంది."

"మరి మనం ఇల్లు ఖాళీ చేస్తే విరుద్ధం కాదూ?"

"మనం వెళ్ళడం వార్త కాదే. అది మన సొంత విషయం" అన్నాడు విలువలాయన. ఆవిడ ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, సామాన్లు సర్దడానికి లేచింది.

పొద్దున్నే పేపరు, వ్యాను ఒకేసారి వీధిలోకి వచ్చాయి. లాయరు గుమ్మంలో కూర్చుని కాఫీ తాగుతూ క్షమాపణ పైకి చదువుతున్నాడు. "...వజ్రం లాంటి ట్యాంకు మీద వదంతి వేసినందుకు సిగ్గుతో తల వంచుతున్నాం..." అంతవరకూ చదివి తల ఎత్తాడు. ఎదురుగా విలువలాయన ఇంట్లోంచి మంచం బయటికి వస్తోంది. దాని వెనక బీరువా. బీరువా వెనక పరుపు చుట్ట నెత్తిన పెట్టుకుని విలువలాయన.

"ఏమండీ, ఎక్కడికి?" అన్నాడు లాయరు.

"అబ్బే, ఎక్కడికీ లేదండీ. బీరువాకి కాస్త గాలి మార్పు..."

లాయరు చేతిలోని పేపరు వంక చూశాడు. వ్యానులోకి ఎక్కుతున్న బీరువా వంక చూశాడు. మళ్ళీ పేపరు చూశాడు. మళ్ళీ బీరువా. విలువలాయన భార్య వంటింటి గ్యాస్ సిలిండరు కూడా దొర్లించుకొస్తోంది. లాయరు కాఫీ కప్పు కింద పెట్టి, ఇంట్లోకి తిరిగి ఒకే ఒక్క కేక పెట్టాడు. "ఒసేయ్, లెగవే! ట్యాంకు పడిపోతోంది!"

గంటలో వీధి వీధంతా ఖాళీ! రిక్షాల మీద, తోపుడు బళ్ళ మీద, నెత్తుల మీద సామాన్లు. పత్రిక మొదటి పేజీలో అంతంత అక్షరాలతో చెబితే కదలని జనం ఒక బీరువా చెబితే కదిలారు. ఆ వీధిలోనే ఉండే, పరిగెత్తలేని జడ్జిగారిని కుర్చీతో సహా మోసుకుపోయారు. మధ్యాహ్నం ఎండ ముదిరిన వేళ ట్యాంకు ఒక్కసారి మూలిగి, పక్కకి ఒరిగి, నేలకూలింది. నీళ్ళు నడుము లోతున వీధిని తుడిచిపెట్టుకుపోయాయి. మూడు ప్రహరీలు, విలువలాయన వరండా పోయాయి. మనిషన్నవాడికి గీత కూడా పడలేదు. రిపోర్టరమ్మ ఆ బురదలో నిలబడి, పిల్లలు ఆడుకునే చోటు వంక చూస్తూ చాలాసేపు ఏడ్చింది.

మర్నాటి పత్రికలో "మేం ముందే చెప్పాం!" అని వచ్చింది. క్షమాపణ సంగతి అందులో ఎక్కడా లేదు. యజమాని టీవీ ముందు కూర్చుని, క్షమాపణకి క్షమాపణ చెప్పే బొత్తాం కోసం రోజంతా వెతికాడు. గేమ్ చేసినవాడికి అంత దూరం తట్టలేదు. జనం మాత్రం ఆ వార్త చదివి, "మరి దీనికి క్షమాపణ రేపా, ఎల్లుండా?" అని అడిగి పేపరు మడిచి పక్కన పడేశారు. తర్వాత మడవడం కూడా మానేశారు. అసలు కొనడమే మానేశారు.

మరి వాళ్ళకి వార్తలెలా? దానికేం లోటు! పొద్దున్నే లేచి జనమంతా, విలువలాయన కొత్తగా దిగిన ఇంటి ముందు నుంచి ఒక చుట్టు నడిచి వచ్చేవారు. ఆయన గొడుగు పట్టుకుని బయల్దేరితే ఊరంతా గొడుగులు తీసేది. ఆయన కూరగాయల దుకాణంలో వంకాయలు ఏరి పక్కన పెడితే ఆ రోజు ఊళ్ళో వంకాయ అన్నది అమ్ముడుపోయేది కాదు. కొడుకుని బడి మానిపిస్తే బడికి ఆ పూట సెలవే. "రాసినప్పుడు ఒక్కడూ నమ్మలేదు. రాయకపోతే ఎంతమంది పాఠకులండీ మీకు!" అంది భార్య. ఆఫీసులో తిరుగుడు కుర్చీ ఇంకా ఆయనదే. మేనల్లుడు ఇప్పుడు దాని వంక చూడటం కూడా మానేశాడు.

ఒక ఆదివారం విలువలాయన పాత సూట్ కేసు ఒకటి పట్టుకుని వీధిలోకి వచ్చాడు. మలుపు దగ్గర బాగుచేసేవాడికి ఇచ్చి జిప్పు వేయించుకుందామని. నాలుగడుగులు వేశాడో లేదో, పక్కింట్లో తలుపులు టపటపా తెరుచుకున్నాయి. ఎవరో పిల్లల్ని చంకనేసుకున్నారు. ఎవరో మంచం ఎత్తారు. వీధి చివర ఎవరో వ్యాను కోసం అరుస్తున్నారు. విలువలాయన బిత్తరపోయి, సూట్ కేసు కింద పెట్టి, రెండు చేతులూ జోడించాడు.

"అయ్యా! ఏం లేదండీ! పొరపాటు పడుతున్నారు! జిప్పు పాడైంది, అంతే! నన్ను మన్నించండి!"

"మన్నించమంటున్నాడ్రోయ్!" అని ఒకడు గావుకేక పెట్టాడు. "క్షమాపణ మొదలెట్టాడు! పరిగెత్తండి!"